రాయగడలో బ్రాంచి పెడితే కంపెనీని మళ్లీ రిజిస్టర్ చేయించాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. తాతల కాలం నుంచీ ఇక్కడే ఉంటున్నాం. పైపులు, మోటార్లు అమ్మే షాపు మాత్రం పార్వతీపురంలో ఉంది, ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ, ఆంధ్రాలోనే రిజిస్టర్ చేయించాం. ఇప్పుడు రాయగడలో కూడా ఒక షాపు, వెనకాలే చిన్న గొడౌను పెడదామనుకుంటున్నాం. అమెరికాలో ఉన్న మా బావమరిది ‘వేరే రాష్ట్రంలో వ్యాపారమంటే కంపెనీని అక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాల్సిందే’ అంటున్నాడు. మా లెక్కలు చూసే ఆయనేమో ‘అదేం అక్కర్లేదు, ఆంధ్రా జీఎస్టీలోనే రాయగడ అడ్రసు కలిపేద్దాం’ అంటున్నారు. ఎవరి మాట వినాలి? స్థానికంగా ఎవరినైనా పార్ట్‌నర్‌గా పెట్టుకోవాలా?

జవాబు: ఇద్దరి మాటా వినకండి.

మీ బావమరిది చెప్పింది అబద్ధం కాదు, కాకపోతే అది అమెరికా సంగతి. అక్కడ కంపెనీ పుట్టేదే రాష్ట్రం చట్టం కింద, అందుకే టెక్సాస్‌లో పెట్టిన కంపెనీ పక్కనున్న లూసియానాలో షాపు తెరిస్తే అక్కడివాళ్ల లెక్కలో అది ‘ఫారిన్’ కంపెనీ అయిపోతుంది, అనుమతి పత్రం తీసుకోవాలి, నోటీసులు అందుకోవడానికి ఆ రాష్ట్రంలో ఒక ఏజెంటును చూపించాలి. మనకు కంపెనీల చట్టం, 2013 దేశం మొత్తానికీ ఒక్కటే. మన చట్టంలో ఫారిన్ కంపెనీ అంటే దేశం బయట పుట్టినది. రిజిస్టర్డ్ ఆఫీసు పార్వతీపురంలోనే ఉంచుకుని రాయగడలో నిక్షేపంగా బ్రాంచి పెట్టుకోవచ్చు. బోర్డు తీర్మానం ఒకటి రాసుకుని, రాయగడలో సంతకాలు పెట్టేదెవరో అందులో చూపించండి, చాలు.

బోర్డంటే గుర్తొచ్చింది, షాపు ముందు పెట్టే బోర్డు. చట్టం 12వ సెక్షన్ ప్రకారం వ్యాపారం చేసే ప్రతిచోటా కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రసు బయటికి కనబడేలా ఉండాలి, ఆ ప్రాంతంలో వాడే లిపిలో కూడా ఉండాలి. పార్వతీపురం బోర్డుకే ఇంకో కాపీ తీయించి తగిలిస్తే కుదరదు, ఒడియాలో రాయించండి. తప్పితే జరిమానా రోజుకు 1,000 రూపాయలు, లక్ష దాకా.

ఇక జీఎస్టీ. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, మీ లెక్కలాయన పొరబడిందీ ఇక్కడే. ‘అదనపు వ్యాపార స్థలం’ అని కలుపుకునే వీలు ఒకే రాష్ట్రం లోపల మాత్రమే. మీ జీఎస్టీ నంబరు మొదటి రెండు అంకెలు చూడండి, 37 ఉంటుంది, అది ఆంధ్రా. ఒడిశాది 21. సరుకు ఏ రాష్ట్రం నుంచి అమ్ముతుంటే ఆ రాష్ట్రంలో నంబరు ఉండాలి, పాన్ మాత్రం అదే. రాయగడలో అమ్మకం తక్కువే కదా, రిజిస్ట్రేషన్‌కు హద్దయిన 40 లక్షలు దాటదు కదా అనుకోవడానికి లేదు, ఆ లెక్క పాన్ మీద దేశమంతటి అమ్మకాలు కలిపి చూస్తారు.

నంబరు వచ్చాక మీ రెండు షాపులూ చట్టం దృష్టిలో ఇద్దరు వేరే వేరే మనుషులు. యజమాని మీరొక్కరే అయినా సరే, పార్వతీపురం గొడౌను నుంచి కూనేరు మీదుగా రాయగడకు నాలుగు మోటార్లు పంపితే అది అమ్మకం కిందే లెక్క, ఐజీఎస్టీతో (రాష్ట్రం దాటే సరుకు మీద వేసే జీఎస్టీ) ఇన్వాయిస్ కొట్టాలి, విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం కూడా ఉండాలి. కట్టిన ఐజీఎస్టీ రాయగడ నంబరు మీద క్రెడిట్‌గా వస్తుంది, అక్కడ కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు కాబట్టి డబ్బు ఎక్కడికీ పోదు. ‘మన సరుకే కదా, చేతిరాత చీటీ చాల్లే’ అని బండి పంపితే మాత్రం, దారిలో ఆపినప్పుడు పన్నుకు రెండింతలు పెనాల్టీ కట్టి విడిపించుకోవాలి. మీరు కాంపోజిషన్‌లో, అంటే చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పథకంలో ఉన్నారా? ఉంటే ముందు అందులోంచి బయటికి రండి. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు వస్తువులు రాష్ట్రం దాటించి అమ్మకూడదు, మీ షాపుకే మీరు పంపుకున్నా ఆ నిబంధన తగులుతుంది.

రాయగడలో షాపూ గొడౌనూ ఏమీ లేకుండా ఆర్డర్లు తీసుకుని పార్వతీపురం నుంచే సరుకు పంపుతుంటే ఒడిశా నంబరు గొడవ లేదు, కాంపోజిషన్‌లో లేకపోతే ఐజీఎస్టీ బిల్లు, విలువను బట్టి ఈ-వే బిల్లు చాలు. మొదట్లో కొన్నాళ్లు అలా నడిపి చూడమనే నేనైతే చెబుతాను.

షాపే కావాలంటే, అద్దె అగ్రిమెంటు మీద సంతకానికి ముందు భూలేఖ్‌లో (ఒడిశా భూమి రికార్డుల వెబ్‌సైట్) ఆ స్థలం రికార్డు తీసి, యజమాని పేరు పక్కన జాతి అని ఉండే చోట ఏముందో చదవండి. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ఏరియా, అంటే గిరిజనుల రక్షణ కోసం రాజ్యాంగం కింద ప్రకటించిన ప్రాంతం. ఒడిశాలో 1956 నాటి రెండో నంబరు రెగ్యులేషన్ ప్రకారం గిరిజనుల స్థలాన్ని గిరిజనేతరులకు అమ్మడమే కాదు, లీజుకివ్వడమూ చెల్లదు. మీరు మూడు తరాలుగా అక్కడే ఉన్నా మినహాయింపేమీ రాదు. ఓనరు గిరిజనేతరుడైతే అద్దెకు అడ్డు లేదు, కానీ ఆ స్థలం ఆయనకు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో అడిగి, పాత కాగితాలు చూడండి. చెల్లని అగ్రిమెంటు మీద షెల్ఫులు, రంగులు, షట్టరు అంటూ లక్షలు పోశాక ఎవరో సబ్ కలెక్టరు దగ్గర కేసు వేస్తే ఖాళీ చేయాల్సింది మీరే.

అగ్రిమెంటు ఒడిశా స్టాంపు పేపరు మీదే రాయించండి, పార్వతీపురంలో చేతికందింది కదా అని అక్కడ కొనొద్దు. ఏడాది దాటిన లీజైతే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. జీఎస్టీ దరఖాస్తుకు ఈ అగ్రిమెంటుతో పాటు ఓనరు కరెంటు బిల్లు జత చేయాలి, షాపు చూడటానికి ఆఫీసువాళ్లు రావచ్చు. ఓనరుకు జీఎస్టీ లేకపోతే అద్దె మీద 18 శాతం పన్ను మీరే కట్టి క్రెడిట్ తీసుకోవాలి, 2024 అక్టోబరు 10 నుంచి ఇదీ పద్ధతి. మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, పనివాళ్ల సంఖ్యను బట్టి లేబర్ ఆఫీసులో షాపు రిజిస్ట్రేషన్, ప్రొఫెషనల్ ట్యాక్సు ఉండనే ఉన్నాయి, అవి ఆంధ్రాలో చేసుకున్నా, ఒడిశాలో మళ్లీ విడిగా చేసుకోవాలి.

పార్ట్‌నర్ సంగతి. అక్కర్లేదు, మీ కంపెనీ పేరు మీదే అన్నీ తీసుకోవచ్చు. ‘ఒక గిరిజన కుర్రాడి పేరు మీద స్థలం కొనేద్దాం, డబ్బు మీది, కాగితం అతనిది’ అని ఏ బ్రోకరైనా అంటే అక్కడితో మాట ఆపేయండి. దాన్ని బినామీ అంటారు, ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు, స్థలం సర్కారుకు.