అయ్యగారి ఇంట్లో ఆదివారం

ప్రశ్న: మా వారు విజయనగరం జిల్లాలో ఒక పల్లెలో 11 ఏళ్ళు పాస్టరుగా చేశారు. మందిరం పైకప్పు కానుకల లెక్కల్లో తేడా ఉందని ఇద్దరు సంఘపెద్దలు నింద వేశారు. లెక్క తేల్చకుండానే పది రోజుల్లో క్వార్టర్ ఖాళీ చేయించారు. నాలుగు నెలలుగా టౌన్‌లో అద్దె పోర్షన్‌లో ఉంటున్నాం. ఆయన రాత్రి రెండింటికే లేచి కూర్చుంటున్నారు, బైబిలు తెరవడం లేదు. పదో తరగతి చదివే బాబు ఇక చర్చికి రానంటున్నాడు. అయిదు కుటుంబాలవాళ్ళు మీ ఇంట్లోనే ఆరాధన పెట్టండి, మేమొస్తాం అంటున్నారు. పెడితే ఆయన కోలుకుంటారా?

జవాబు: ఇప్పుడు వద్దమ్మా. కనీసం ఆరు నెలలు ఆగండి. ఆ కుటుంబాలకు మీ మీద ప్రేమ ఉంది, నిజమే. దాంతోపాటు ఆ పెద్దల మీద కోపం కూడా మీ గడప దాటి లోపలికొస్తుంది. ప్రార్థన అయి టీ గ్లాసులు చేతికి రాగానే అక్కడి సంగతులే మొదలవుతాయి. మానుతున్న పుండును వారం వారం గోకినట్టే. పైగా సంఘాన్ని చీల్చారన్న కొత్త నింద మీద పడుతుంది. కోపం చల్లారి ఇద్దరు ముగ్గురు వెనక్కి వెళ్ళిపోతే మీ వారికి అది రెండో దెబ్బ.

మామూలుగా ఉద్యోగం పోతే ఇల్లుంటుంది, ఇరుగుపొరుగు ఉంటారు, వెళ్ళి ఏడవడానికి గుడో చర్చో ఉంటుంది. మీకు ఇవన్నీ ఒక్కచోటే ఉండేవి, ఒక్కసారే పోయాయి. అందుకే ఆయన బైబిలు తెరవకపోవడాన్ని విశ్వాసం సడలడంగా చూడకండి. ఏళ్ళ తరబడి ప్రసంగం కోసమే చదివిన పుస్తకమది. ఇప్పుడు తెరిస్తే తను ప్రసంగించిన ఆ వేదికే గుర్తొస్తుంది. బైబిల్లో బదరీవృక్షం కింద చావు కోరుకున్న ప్రవక్త ఏలీయాకు దేవదూత ముందు నిద్రపోనిచ్చాడు, రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. అదీ రెండుసార్లు. మీరూ ఆ వరసే పట్టండి. ఉపవాస ప్రార్థనలు కొన్నాళ్ళు ఆపించండి. సాయంత్రం అయ్యకోనేరు గట్టు మీద అరగంట నడిపించండి.

నిద్ర సంగతి మాత్రం డాక్టరుకు చెప్పాల్సిందే. రెండు వారాలకు మించి నిద్ర లేకుండా, దేని మీదా మనసు లేకుండా ఉంటే డిప్రెషన్‌ అయ్యే అవకాశం ఉంది. ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించండి. డాక్టరు డిప్రెషన్‌కు మందులు రాస్తే, అవి పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారానికే గుణం లేదని మానేయడం, కాస్త బాగుండగానే చెప్పకుండా ఆపేయడం, చాలామంది చేసే తప్పులు ఇవే. "నేను లేకపోతేనే మీకు సుఖం" లాంటి మాట వస్తే, చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 రాత్రీ పగలూ పలుకుతుంది, ఉచితం.

లెక్కల విషయం నోటిమాటగా వదలకండి. మీ దగ్గరున్న రసీదు పుస్తకాలు, సిమెంటు, ఇనుము బిల్లులు, మేస్త్రీ కూలీ చీటీలు తేదీల వారీగా పెట్టి మూడు కాపీలు తీయించండి. ఒకటి సంఘ కార్యదర్శికి స్పీడ్ పోస్టులో, ఒకటి పై సంస్థకు పంపండి. ఏ పక్షానికీ చెందని మనిషితో లెక్క చూపించమని ఉత్తరంలో అడగండి. సంఘం వాట్సాప్ గ్రూపులో జవాబులు మాత్రం వద్దు, అందులోంచి బయటికొచ్చేయండి.

బాబును బలవంతపెట్టకండి. నాన్నను దొంగ అన్నవాళ్ళు ఆ వారమే పక్కన కూర్చుని పాటలు పాడటం వాడు చూశాడు. వాడు తిడితే తిట్టనివ్వండి, మధ్యలో బైబిలు వాక్యం చెప్పకండి. వాళ్ళను క్షమించమని ఇప్పుడే వాణ్ణి అడగకండి.

ఆదివారాలు మిమ్మల్ని ఎరగని చర్చికి వెళ్ళి వెనక బెంచీలో కూర్చోండి. పాస్టరని తెలియగానే వేదిక మీదికి పిలిచి రెండు మాటలు చెప్పమంటారు. అక్కడి అయ్యగారికి ముందే ఫోన్ చేసి, ఈ ఆరు నెలలు పిలవొద్దని మీరే చెప్పండి.

ఇంత రాసిన ఉత్తరంలో మీ నిద్ర గురించి ఒక్క ముక్క లేదు. "అమ్మగారూ" అనకుండా మిమ్మల్ని పేరు పెట్టి పిలిచే మనిషి, అక్కో చదువుకున్న రోజుల స్నేహితురాలో, ఎవరో ఒకరుంటారు కదా. వారానికోసారి వాళ్ళింటికి ఒక్కరే వెళ్ళిరండి.