ఈ నల్ల బురద తడిగా ఉన్నంతసేపే మంచిది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే వస్తువు గురించి ఉన్నాయి, అది రేనీ నికెల్ అనే నల్ల పొడి. మందుల తయారీలో రసాయనాలకు హైడ్రోజన్ పట్టించే పనిలో (హైడ్రోజనేషన్) కేటలిస్ట్‌గా, అంటే చర్యను వేగంగా నడిపించే పదార్థంగా దీన్ని వాడతారు. జడ్చర్ల వైపు పోలేపల్లి సెజ్ నుంచి చౌటుప్పల్, చిట్యాల దాకా మందుల కంపెనీలు ఇన్ని వచ్చాక ఈ ప్రశ్నలు రాకపోతేనే ఆశ్చర్యం. అందుకని మిగతా ఉత్తరాలు వచ్చే నెలకు పెట్టి వీటిని, చివర్లో కంపెనీ డ్రమ్ముల గురించి వచ్చిన ఇంకొకదాన్ని తీసుకుంటున్నా.

ప్రశ్న: అన్నా, నేను హైడ్రోజనేషన్ బ్లాక్‌లో హెల్పర్‌ని. మొన్న రేనీ నికెల్ కింద పడితే కాటన్ వేస్ట్‌తో తుడిచి చెత్త డబ్బాలో వేసిన. టీ తాగి వచ్చేసరికి డబ్బా అంటుకుంది. ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు, కరెంటు వైరు కూడా దగ్గర లేదు. ఇన్‌చార్జి నామీదే అరిచిండు. నా తప్పు ఏముంది? – పోలేపల్లి

జవాబు: తమ్ముడూ, నీకు చెప్పకుండా పనికి పెట్టినవాళ్లది మొదటి తప్పు. రేనీ నికెల్ అంటే మామూలు నికెల్ ముక్క కాదు. నికెల్, అల్యూమినియం సగం సగం కలిపి కరిగించి, చల్లారాక పొడి చేసి కాస్టిక్ సోడాలో వేస్తారు. అల్యూమినియం చాలావరకు కరిగిపోయి, మిగిలిన నికెల్ స్పాంజిలాగా సందులు సందులుగా తయారవుతుంది. మర్రే రేనీ అనే అమెరికా ఇంజినీరు నూనెను గడ్డకట్టించడానికి దీన్ని కనిపెట్టి 1927లో పేటెంటు తీసుకున్నాడు. ఒక్క గ్రాము పొడిలో ఉన్న సందులన్నీ విప్పి పరిస్తే దాదాపు 100 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో 120 గజాల ప్లాటు. ఆ సందుల నిండా హైడ్రోజన్ పట్టుకొని ఉంటుంది. నీళ్లలో ఉన్నంతసేపు బురదలాగా పడి ఉంటుంది, తడి ఆరి గాలి తగిలిందా, దానంతట అదే వేడెక్కి ఎర్రగా కణకణలాడుతుంది. నీ కాటన్ వేస్ట్‌లో జరిగింది అదే, పైగా దాంట్లో మిథనాల్ (ఇట్టే మండే ద్రవం) తడి కూడా ఉండి ఉంటే చెప్పక్కర్లేదు. మే నెలలో మన దగ్గర 44, 45 డిగ్రీల ఎండకు గుడ్డ ఆరడానికి ఎంతసేపు పడుతుంది చెప్పు!

నేను కొత్తగా చేరినప్పుడు ఒక కంపెనీలో ఫిల్టర్ గుడ్డను బయట గోడ మీద ఆరేశాను, బాగా పని చేస్తున్నాననుకొని. అది కాలి గోడ మీద నల్ల మచ్చ మిగిలింది. వాడేసిన కేటలిస్ట్ కదా, దాంట్లో ఇంకేం బలం ఉంటుంది అనుకున్నా. అసలు వాడేసినదే ఎక్కువ మోసం చేస్తుంది, ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి మీద చర్య నడిపే మూత పాత్రలో) ఇంకా హైడ్రోజన్ పట్టించుకొని బయటకొస్తుంది కాబట్టి.

కింద పడితే ముందు నీళ్లతో తడుపు, తడి గుడ్డతోనే ఎత్తు, గుడ్డతో సహా నీళ్లున్న ఇనుప డబ్బాలో ముంచు. మూత బిర్రుగా బిగించొద్దు, లోపల హైడ్రోజన్ మెల్లగా ఊరుతూ ఉంటుంది, అది పోవడానికి దారి ఉండాలి. అప్పటికే అంటుకొని ఉంటే మాత్రం పొడి ఇసుక పోయాలి, లేకపోతే లోహాల మంటకు వాడే డి క్లాస్ పౌడర్ కొట్టాలి. నీళ్ల పైపు జోరుగా పెట్టినా, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కొట్టినా పొడి ఎగిరి నాలుగు దిక్కులా పడుతుంది. ఫిల్టర్ మీద కేకును (మిగిలిన కేటలిస్ట్ ముద్దను) గాలి లాగి ఎండబెట్టొద్దు, పైన ద్రవం ఉండగానే నైట్రోజన్‌తో నెట్టాలి. ఆటోక్లేవ్ మూత తీసేముందు లోపలి హైడ్రోజన్ పోయేలా నైట్రోజన్ పట్టించాలి, ఒకసారి కాదు, ఎస్‌ఓపీలో (పని ఎట్లా చేయాలో రాసిన కాగితంలో) ఎన్నిసార్లు రాసి ఉంటే అన్నిసార్లు. షిఫ్ట్ అయిపోతుందని రెండు తగ్గించేవాళ్లను చాలామందిని చూశాను.

ప్రశ్న: సార్, మా ఆయన కంపెనీ నుంచి వస్తే చొక్కాకు చిన్న చిన్న కాలిన చిల్లులు ఉంటున్నాయి. బీడీ మానేసిన అని నాకు మాటిచ్చిండు. అడిగితే నల్ల పొడి వల్ల అంటడు. నమ్మాలా? ఆ బట్టలు పిల్లల బట్టలతో కలిపే ఉతుకుతున్న. – చిట్యాల మండలం

జవాబు: చెల్లెమ్మా, ఈ ఒక్క విషయంలో ఆయన్ని నమ్మొచ్చు. బట్టకు అంటిన చిన్న రవ్వ ఆరినప్పుడు అట్లాగే పిన్నుతో పొడిచినంత చిల్లు పడుతుంది. కానీ అది బీడీ కన్నా మంచి వార్తేమీ కాదు. ఆ పొడి కాలితే నికెల్ ఆక్సైడ్ అవుతుంది. నికెల్ సమ్మేళనాలు మనుషులకు క్యాన్సర్ తెచ్చేవని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1990లోనే మొదటి జాబితాలో పెట్టింది, లోహపు నికెల్‌ను మాత్రం తెచ్చే అవకాశం ఉన్నవాటిలో ఉంచింది. పోయేది ముఖ్యంగా ఊపిరితిత్తులు, ముక్కు లోపలి గదులు. వేల్స్‌లో క్లిడాక్ అనే ఊళ్లో నికెల్ శుద్ధి కర్మాగారం ఉంది, అక్కడ 1930కి ముందు చేరినవాళ్లలో ఈ రెండు క్యాన్సర్లూ బాగా ఎక్కువగా వచ్చాయి. ఏళ్ల తరబడి దుమ్ము పీల్చినవాళ్ల సంగతి అది, ఒక చొక్కా ఉతికితే వస్తుందని కాదు, భయపడొద్దు.

అయినా బట్టలు కంపెనీలోనే మార్చుకొని, అక్కడే స్నానం చేసి రమ్మను. డ్యూటీ బట్టలు ఉతికించే బాధ్యత కంపెనీది. అప్పటిదాకా తప్పకపోతే దులపకుండా తడిపి విడిగా ఉతుకు, పిల్లల బట్టలతో అసలే వద్దు. ఇంకొకటి, దుమ్ము పనివాళ్లకు బెల్లం ముక్క, అరటిపండు ఇచ్చి ‘పొడి కడుపులోకి జారిపోతుంది’ అని చెప్పడం మన దగ్గర అలవాటు. బెల్లం పోయేది కడుపులోకి, పొడి పోయింది ఊపిరితిత్తుల్లోకి, ఆ రెండింటికీ దారే వేరు. ముఖానికి సరిగ్గా అతుక్కునే, సన్నటి దుమ్మును ఆపే ఫిల్టర్ మాస్కు కావాలి. కర్చీఫ్ కట్టుకుంటే ఒరిగేది ఏమీ లేదు.

ప్రశ్న: కేటలిస్ట్ చార్జింగ్, అంటే దాన్ని ఆటోక్లేవ్‌లో వేసే పని చేస్తాను. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర దురద, పొక్కులు. ఇప్పుడు వాచీ పెట్టుకున్నా, బెల్టు బకిల్ తగిలినా వస్తోంది. – బీబీనగర్

జవాబు: నికెల్ ఎలర్జీ లాగే ఉంది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే దాదాపు జీవితాంతం ఉంటుంది, అందుకే చౌక వాచీ, బకిల్, జీన్స్ గుండీ కూడా ఇప్పుడు నీకు శత్రువులే. చర్మం డాక్టరు వీపు మీద ప్యాచ్ పెట్టి రెండు రోజులు ఉంచి తేల్చేస్తారు. ఈఎస్‌ఐ ఉంటే వెళ్లి ‘దురద సార్’ అని ఊరుకోవద్దు, నికెల్‌తో పని అని నోరు తెరిచి చెప్పు, లేకపోతే గజ్జి మందు రాసి పంపుతారు. మూత్రంలో నికెల్ పరీక్ష కూడా ఉంటుంది, అడుగు. చెమటకు గ్లౌజులు తీసేస్తున్నావేమో చూసుకో. లోపల తడిసిన గ్లౌజులు మార్చాలి, తీసేయడం కాదు. పిల్లికూతలు, ఆయాసం వస్తే మాత్రం ఆ పని నుంచి వేరే పనికి మార్చమని రాసి ఇవ్వు.

ప్రశ్న: నికెల్ నుంచి ప్రాణాలు తీసే గ్యాస్ వస్తుందని మా లెక్చరర్ చెప్పారు. నిజమేనా? – డిప్లొమా విద్యార్థి, నల్లగొండ

జవాబు: నిజమే, నికెల్ కార్బొనిల్. 1890లో లుడ్విగ్ మాండ్ బృందం బయటపెట్టింది. సన్నటి నికెల్‌కు కార్బన్ మోనాక్సైడ్ తగిలితేనే పుడుతుంది, శుద్ధమైన హైడ్రోజన్‌తో నడిచే బ్లాక్‌లో ఆ భయం తక్కువ. మోసం ఎక్కడంటే, పీల్చినప్పుడు తలనొప్పి, వాంతి వచ్చి తగ్గిపోతుంది, మనిషి ఇంటికెళ్లి పడుకుంటాడు, ఊపిరి ఆడకపోవడం సగం రోజో, ఒక రోజో గడిచాక మొదలవుతుంది. అనుమానం ఉంటే బాగున్నా సరే ఆసుపత్రిలో ఉంచాల్సిందే.

ప్రశ్న: కంపెనీ నుంచి వచ్చిన నీలం డ్రమ్ములు మా ఊళ్లో చౌకగా అమ్ముతున్నారు. సర్ఫ్‌తో కడిగి మంచినీళ్లు పట్టుకోవచ్చా? – మునుగోడు వైపు

జవాబు: వద్దు. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిపోయిన ప్రాంతం మీది, ఇన్నేళ్లకు భగీరథ నీళ్లు వస్తుంటే తీసుకెళ్లి ఈ డ్రమ్ములో పోస్తారా? రసాయనాలు తగిలిన ఖాళీ డ్రమ్ములు 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద వస్తాయి, కంపెనీ అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి, పాత సామాన్ల బండికి కాదు. లోపల ఏముండేదో అమ్మేవాడికే తెలియదు, సర్ఫ్‌కు ఎట్లా తెలుస్తుంది? ఇప్పటికే కొన్నది ఉంటే నీళ్లకు గానీ, వడ్లకు గానీ, బర్రెల తొట్టికి గానీ వాడొద్దు, లేబుల్ ఉంటే ఫొటో తీసి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ ఆఫీసులో ఇవ్వండి.