‘ఎగ్జార్సిస్ట్’ రెండో భాగం చూసి జనం ఎందుకు నవ్వారు?

1973లో దయ్యం పట్టిన అమ్మాయి కథతో వచ్చిన హాలీవుడ్ హారర్ సినిమా ‘ది ఎగ్జార్సిస్ట్’ చూసి వణికిన ప్రేక్షకులే 1977లో దాని రెండో భాగం ‘ది హెరెటిక్’ చూసి థియేటర్లో ఎందుకు నవ్వారు? నా లెక్కలో తప్పు చాలావరకు దర్శకుడు జాన్ బూర్‌మన్‌దే.

ఆయనేం తక్కువ మనిషి కాదు, ‘డెలివరెన్స్’ లాంటి మంచి సినిమా తీసినవాడు. కానీ మొదటి భాగం అవకాశం తన దగ్గరికి వస్తే, కథ నచ్చక వదులుకున్నాడు. అలాంటివాడి చేతికే సీక్వెల్ వెళ్లింది! విలియం ఫ్రీడ్‌కిన్ మొదటి సినిమాలో భయాన్నంతా ఓ మామూలు ఇంటి పడగ్గదిలో బిగించాడు. మన ఇంట్లోనూ ఇలా జరగొచ్చు అనిపించడమే దాని బలం. బూర్‌మన్‌కు భయం కన్నా తాత్విక చర్చ ముఖ్యమైంది. కథను ఆఫ్రికాకు, మిడతల దండులోకి, ఇద్దరి మనసుల్ని కలిపే మిణుకు మిణుకు లైట్ల యంత్రంలోకి లాక్కెళ్లాడు. రిచర్డ్ బర్టన్ అంతటి నటుడు తలకు పట్టీ కట్టుకుని ఆ లైటు ముందు సీరియస్‌గా కూర్చుంటే టెన్షన్ ఎక్కణ్నుంచి వస్తుంది?

విడుదలయ్యాక హడావుడిగా సినిమాను మళ్లీ ఎడిట్ చేసినా లాభం లేకపోయింది. ఎన్యో మొరికోనే సంగీతం మాత్రం విడిగా వినండి, అదిరిపోతుంది.