జూన్‌లో పడే డబ్బును చూసుకుని జనవరిలో సంతకం పెట్టకండి

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. తెనాలి దగ్గర పల్లెలో బట్టలు కుడుతూ ఇద్దరు పిల్లలను చదివించుకుంటున్నాను. మావారు పోయి మూడో ఏడు నడుస్తోంది. కుట్టుపని మీద నెలకు సగటున 8,000 రూపాయలు, వితంతు పింఛను 4,000 వస్తాయి. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం, అబ్బాయి తొమ్మిదో తరగతి. గత జూన్‌లో ఇద్దరికీ కలిపి ప్రభుత్వ పథకం తల్లికి వందనం కింద 26,000 పడితే తాకట్టులో ఉన్న కమ్మలు విడిపించుకుని, మిగిలినది ఫీజులకు కట్టాను. మైక్రోఫైనాన్సులో 60,000 అప్పు ఉంది. నెలకు 3,170 చొప్పున తొమ్మిది కిస్తీలు కట్టాను, ఇంకా పదిహేను ఉన్నాయి. అమ్మాయిని బీఎస్సీ నర్సింగ్‌లో చేర్చడానికి, హాస్టలుకు, లాప్‌టాప్‌కు కలిపి 80,000 కావాలి. అదే సంస్థవారు ఇస్తామంటున్నారు. ఏటా జూన్‌లో 26,000 ఎలాగూ వస్తుంది కాబట్టి తీసుకోవచ్చా? లేక తెలిసినావిడ వేస్తున్న చీటీలో చేరి ముందే పాడుకోవడం మంచిదా?

జవాబు: అమ్మా, రెండూ వద్దు. మీ ఉత్తరానికి ఇంత వివరంగా జవాబు రాయడానికి కారణం, అందులోని "ఏటా ఎలాగూ వస్తుంది" అన్న మాట ఈ మధ్య నాకు వస్తున్న ఉత్తరాల్లో తరచూ కనబడుతుండడమే. ప్రభుత్వం ఇచ్చే నగదు సాయాన్ని జీతంగా లెక్కగట్టి, దాని మీద నెల నెలా కట్టవలసిన అప్పు తెచ్చుకోవడం పెద్ద పొరపాటు. ఆ సాయానికి గడువు ఉంటుంది. ఆ గడువు మంజూరు పత్రంలో తేదీగా కనిపించదు కనుక మనం దానిని లెక్కలోకి తీసుకోము.

అమెరికాలో పేద కుటుంబాలకిచ్చే నగదు సాయానికి 1996లో చేసిన చట్టం ఈ గడువును బాహాటంగానే చెప్పింది: కేంద్ర నిధులతో ఇచ్చే సాయం ఒక తల్లికి లేదా తండ్రికి జీవితం మొత్తంలో 60 నెలలకు మించదు, రాష్ట్రాలు అంతకంటే తక్కువ కూడా పెట్టుకోవచ్చు. అది న్యాయమా కాదా అన్న చర్చ అక్కడ ఇప్పటికీ సాగుతూనే ఉంది గానీ, ఎన్ని నెలలు వాడుకున్నాం, ఎన్ని మిగిలాయి అన్నది ఆ కుటుంబానికి తెలుస్తుంది. మన పథకాల్లో నెలల లెక్క ఎవరూ చెప్పరు. వయసు, తరగతి, విడతల సంఖ్య, హాజరు శాతం, బడ్జెట్ అనే పేర్లతో గడువు ఉండనే ఉంటుంది.

మీ సంగతే చూడండి. తల్లికి వందనం ఒకటో తరగతి నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా చదువుతున్న పిల్లలకు. ఒక్కొక్కరికి 15,000 అని ప్రకటించినా, అందులో 2,000 పాఠశాల నిర్వహణకు పోగా మీ ఖాతాలో పడేది 13,000. మీ అమ్మాయికి మార్చిలో పరీక్షలు అయిపోతాయి; నర్సింగ్‌లో చేరిన రోజు నుంచి ఆమె పేరు ఆ జాబితాలో ఉండదు. కనుక వచ్చే జూన్‌లో మీకు రావలసింది 26,000 కాదు, 13,000. అబ్బాయి పదో తరగతికి ఒకసారి, ఇంటర్ రెండేళ్లకు రెండుసార్లు, పథకం ఇప్పటిలాగే సాగి, వాడి హాజరు 75 శాతానికి తగ్గకుండా ఉంటే, మొత్తం మూడు జమలు, 39,000 రూపాయలు. అక్కడితో సరి. ఇక మీరు తీసుకోబోయే 80,000కు ఇప్పటి అప్పుకున్న వడ్డీయే వేసుకుంటే, నెలకు 4,230 చొప్పున 24 నెలల్లో 1,01,520 కట్టాలి. ఆ 24 నెలల్లో వచ్చేవి రెండు జూన్‌లు, అంటే 26,000. మిగిలిన 75,000 పైచిలుకు మీ కుట్టుమిషను సంపాదించి పెట్టాలి.

ఆ జమలు కూడా అనుకున్న నెలలోనే పడతాయన్న భరోసా లేదు. ఇంతకు ముందున్న అమ్మ ఒడి 2020 జనవరిలో మొదలై, 2021 జనవరిలో రెండోసారి వచ్చింది. మూడోసారి 2022 జూన్‌లో గానీ రాలేదు, మధ్యలో పదిహేడు నెలలు. 2023 జూన్‌లో నాలుగోసారి వచ్చాక ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది, తల్లుల ఖాతాల్లో మళ్లీ డబ్బు పడింది 2025 జూన్‌లో. తప్పెవరిదన్నది ఇక్కడ నాకు అవసరం లేని చర్చ. ఆ రెండేళ్లలో నెల నెలా కిస్తీ కట్టవలసినవారు ఏం చేసి ఉంటారన్నదే నా ప్రశ్న.

వారిలో ఒకావిడ సంగతి నాకు తెలుసు, అయితే ఆమెది చేయూత పథకం. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల్లో 45 నుంచి 60 ఏళ్ల మధ్య మహిళలకు ఏటా 18,750 చొప్పున నాలుగేళ్లు, మొత్తం 75,000 అని 2020 ఆగస్టులో మొదలైన రోజే చెప్పారు. నాలుగు విడతలు అంటే నాలుగే. ఆవిడ మొదటి రెండు విడతలతో గేదెను కొనుక్కుని, పాలు పోస్తూ బాగానే నిలదొక్కుకుంది. ఆ ధైర్యంతో మూడో విడత పడిన నెలలో రెండో గేదెకు బయట 90,000 తెచ్చి, "ఏటా వచ్చేది దీనికి జమ చేస్తా"నని నోటు రాసిచ్చింది. నా దగ్గరికి వచ్చేనాటికి నాలుగో విడత కూడా అయిపోయి ఏడాది దాటింది. రెండో గేదె ఎండిపోయింది. మొదటి గేదెను అమ్మి వడ్డీ కట్టింది. ఆమె తెచ్చి చూపించిన పాస్‌బుక్‌లో 18,750 అన్న అంకె ఉన్న నాలుగు చోట్లా పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది. ఐదోది ఎప్పుడు పడుతుందో చూసి చెప్పమని ఆమె నన్ను అడిగింది.

మీ ఉత్తరంలో నన్ను అన్నింటికంటే కలవరపెట్టిన వాక్యం అప్పు గురించినది కాదు. కార్తీకంలో మిషను మోటారు కాలిపోయి 2,800 ఖర్చయిందని, ఆ నెల కిస్తీకి డబ్బు చాలక, కిస్తీలు వసూలు చేసే సెంటర్ మీటింగులో మధ్యాహ్నం దాకా ఎవరినీ లేవనివ్వలేదని, చివరకు గ్రూపులో ఒకామె దగ్గర నూటికి ఐదు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టారని రాశారు. 2,800 రూపాయల దెబ్బకే ఇల్లు అంతలా తలకిందులైందంటే మీకు కావలసింది 80,000 అప్పు కాదు. ఆ 2,800 విడిగా దాచి ఉంచిన చోటు ఒకటి కావాలి.

ఈ పేజీలో నేను అత్యవసర నిధి గురించే పదే పదే రాస్తానని కొందరు పాఠకులు విసుక్కుంటారు. వారికి నెలనెలా జీతం వస్తుంది కాబట్టి విసుక్కోగలరు. గడువున్న సాయం మీద బతికే ఇంటికి ఈ నిధి పొదుపు కాదు, గడువు ముగిసిన మరుసటి నెల తిండి. కిస్తీ పోను మీ ఇంటి ఖర్చు నెలకు 8,800 దాకా ఉంది. మూడు నెలలకు 27,000 అనుకుందాం. అంత పెద్ద మొత్తం ఎక్కడిదని కంగారు పడకండి. ఇప్పుడున్న ఖాతా కాకుండా పోస్టాఫీసులో వేరే పొదుపు ఖాతా తెరవండి, దానికి ఏటీఎం కార్డు తీసుకోకండి. ఒకటో తారీఖున పింఛను చేతికి రాగానే 500 అందులో వేయండి, ఇంటికొచ్చి సరుకుల చీటీ రాయకముందే. వచ్చే జూన్‌లో పడే 13,000 రూపాయి కూడా తీయకుండా అక్కడికే చేరాలి. ఫిబ్రవరితో మొదలుపెడితే జూన్ చివరికి 15,500 అవుతుంది. 2027 ఏప్రిల్‌లో మీ పాత అప్పు తీరేనాటికి 20,500. ఆ జూన్‌లో అబ్బాయికి మళ్లీ పడితే 34,500. ఆషాఢంలో, శుభకార్యాలు లేని మూఢాల్లో మీ మిషను ఎలాగూ మూలన ఉంటుందని మీకే తెలుసు. ఆ నెలల్లో 500 వేయలేకపోతే శ్రావణంలో, దసరాకు వచ్చే గిరాకీలో ఆ బాకీ పూడ్చండి. వాడవలసి వస్తే మోటారుకు, ఆసుపత్రికి, కిస్తీకి మాత్రమే వాడండి. పండుగకు, పుట్టింటి పెళ్లి చదివింపులకు కాదు.

ఇక ఆ 80,000. ఏజెంటు మీ నెల ఆదాయం 15,000 అని రాసుకుంటానన్నాడని మీరు మామూలుగా రాసేశారు గానీ, నాకు అది మామూలుగా కనిపించలేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, ఒక ఇంటి అప్పుల కిస్తీలన్నీ కలిపి ఆ ఇంటి నెల ఆదాయంలో సగానికి మించకూడదు. మీ అసలు ఆదాయం 12,000, సగం 6,000, రెండు కిస్తీలూ కలిపితే 7,400. అంటే ఈ అప్పు మీకు ఇవ్వకూడనిది. ఇవ్వడానికే మీ ఆదాయాన్ని కాగితం మీద పెంచుతున్నారు. అతనికి ఆ నెల టార్గెట్ పూర్తవుతుంది, మీకు పాత అప్పు తీరేదాకా, పదిహేను నెలలపాటు, నెలకు 4,600తో మూడు నోళ్లు నిండాలి. అలాంటి కాగితం మీద సంతకం పెట్టమని మీకు ఎవరు చెప్పినా, బంధువులైనా సరే, వినకండి. వడ్డీ రెండు రూపాయలేనని తేలికగా రాశారు. నెలకు నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. ఆ రెండు రూపాయల మాట మనవాళ్ల చెవికి ఎందుకంత చవకగా వినిపిస్తుందో నాకు ఇన్నేళ్లయినా అర్థం కాలేదు.

చీటీలో చేరి ముందే పాడుకోవడమూ అప్పే. పైగా రిజిస్ట్రేషన్ లేని చీటీ.

అమ్మాయి చదువు ఆగకూడదు, ఆగనవసరం కూడా లేదు. కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా భర్తీ చేసే సీట్లలో, సీటు వస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉంటుందేమో సచివాలయంలో ముందే కనుక్కోండి. కౌన్సెలింగ్‌లో గుంటూరు, తెనాలి చుట్టుపక్కల, ఇంటి నుంచి బస్సులో వెళ్లి రాగల కాలేజీలకు మొదటి ఐచ్ఛికం ఇవ్వమనండి. హాస్టలు ఖర్చు అక్కడే తగ్గిపోతుంది. నర్సింగ్ మొదటి సంవత్సరానికి మీరు రాసిన 40,000 లాప్‌టాప్ ఎందుకో నాకు బోధపడలేదు. హాస్టలు తప్పదంటే జాతీయ బ్యాంకులో విద్యా రుణం అడగండి: 4 లక్షల దాకా తాకట్టు అక్కర్లేదు, చదువు పూర్తయిన ఏడాది దాకా కిస్తీ మొదలు కాదు, ఆ లోగా ఆమెకు ఉద్యోగం వస్తుంది. అంతకంటే చిన్న మొత్తం చాలనుకుంటే తొక్కవలసిన గడప మీ డ్వాక్రా గ్రూపుదే; గ్రూపులకు బ్యాంకులు 3 లక్షల దాకా 7 శాతానికి ఇస్తాయి, మీ వంతు ఎప్పుడో లీడరును అడగడానికి మొహమాటపడకండి.

మిషన్ వాత్సల్య కింద తండ్రి లేని పిల్లలకు నెలకు 4,000 ఇస్తారని మీకెవరో చెప్పారన్నారు. నిజమే, అదీ 18 ఏళ్లు నిండే వరకే. అయితే పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. మీ కుట్టుపని లెక్కే 96,000 అవుతోంది. దాని మీద ఆశ పెట్టుకుని ఏ లెక్కా వేయకండి.

పింఛనుకు ఇప్పటికి గడువు లేదు గానీ, షరతులు ఉన్నాయి. అమ్మాయికి రేపు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే ఆమె పేరు మీ ఇంటి మ్యాపింగులోనే, అంటే సచివాలయం రాసుకున్న మీ ఇంటి సభ్యుల జాబితాలోనే, ఉందా, విడిగా ఉందా అన్న దాన్ని బట్టి అర్హత మారిపోవచ్చు. అది రావలసిన మంచి రోజే, కాకపోతే ఆ రోజు మీ నెల ఆదాయంలో మూడో వంతు పోతుందని ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.

చివరగా ఒక చిన్న పని. మీవారికి జీవన జ్యోతి బీమా ఉండేదని, ఆ ఏడు మే చివర్లో ఖాతాలో డబ్బు లేక 436 రూపాయల ప్రీమియం కోత పడలేదని, ఆగస్టులో ఆయన పోయాక బ్యాంకుకు వెళ్తే గానీ ఆ సంగతి తెలియలేదని రాశారు. రెండు లక్షలు అలా పోయాయి. మీకు 44 ఏళ్లే కాబట్టి మీ పేరు మీద ఆ బీమాలో చేరవచ్చు. దానితో పాటు 20 రూపాయల సురక్షా బీమా ప్రమాదాలకు. తల్లికి వందనం వచ్చేది జూన్‌లో, ఈ రెండు ప్రీమియాలూ కోసుకునేది మే ఆఖరులో. మే 20 నాటికే ఆ ఖాతాలో 456 రూపాయలకు తగ్గకుండా ఉంచి, జూన్ మొదటి వారంలో పాస్‌బుక్ పట్టుకెళ్లి రెండు కోతలూ పడ్డాయో లేదో ప్రింటు వేయించి చూసుకోండి.