బుస్సీ మీసం పక్కన పెట్టు

అమ్మాయీ,

నువ్వు పంపిన బుస్సీ నవల మూడు అధ్యాయాలూ చదివాను. బొబ్బిలి మీదికొచ్చిన ఆ ఫ్రెంచి దొర, నీ బుస్సీ, కనిపించిన ప్రతిచోటా మీసం మెలేసి వికటంగా నవ్వుతున్నాడు. నాలుగో నవ్వుకి కాగితాలు పక్కన పడేసి కాఫీ పెట్టుకున్నాను. ఆ కాలపు ఫ్రెంచి దొరలు చాలామంది నున్నగా గీసుకుని విగ్గు తగిలించుకునేవాళ్లు. పైగా వాడు రాజుగారి సేనాపతిగా రాలేదు, ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్నాడు.

కానీ రెండో అధ్యాయంలో పేరులేని సిపాయి ఒకడు అప్పు చేసి చెప్పులు కొనుక్కుంటాడు చూడు, ఆ ఒక్క వాక్యం కోసమే ఈ జవాబు. బుస్సీ కథ మొత్తం ఆ అప్పులోనే ఉంది. వాడి సిపాయిలకు జీతం ఎవరిచ్చారు? ముందు అది తేల్చు.

1750లో రాత్రికి రాత్రి తమిళనాట సెంజి కోట పట్టినవాడు. మరుసటి ఏడాది రాయచోటి దగ్గర ఫ్రెంచివాళ్లు నిలబెట్టిన నిజాం ముజఫర్ జంగ్ హతమైతే, దండు చెదరకుండా అక్కడికక్కడే సలాబత్ జంగ్‌ను గద్దెకెక్కించినవాడు. అంతటివాడు 1753లో జబ్బుచేసి మచిలీపట్నం వెళ్లగానే ఏమైంది? నిజాం దివాన్ సయ్యద్ లష్కర్ ఖాన్ పట్టించుకోలేదు, జీతాలు ఆగాయి, దండు చెల్లాచెదురైంది. బుస్సీ లేచి ఔరంగాబాదు దాకా వెళ్లి, కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కార్లు, అంటే ఆ జిల్లాల శిస్తు, జీతాల కింద రాయించుకున్నాడు. మన కోస్తా అంతా ఒక సైన్యం జీతాల పద్దు అయిపోయింది! 1756 చివర్లో ఇటు దిగిందీ శిస్తు చక్కబెట్టుకోడానికే. విజయనగరం విజయరామరాజుతో చెలిమి, 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం, అన్నీ ఆ వసూళ్ల దారిలోనివే.

నా మొదటి నవల్లో ఇలాంటి జీతాల అధ్యాయం ఒకటుండేది. ఒక వారపత్రిక ఎడిటర్ అడ్డంగా గీత కొట్టి, 'యుద్ధం ముందుకు జరపండి' అని రాశాడు. ఆయన దగ్గరే నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి, మూడు నెలల జీతం బాకీ. కిరాణా కొట్టాయన కంటపడకుండా వెనక సందులోంచి ఇంటికి పోయేవాణ్ణి. సిపాయి తుపాకీ ఎందుకు కింద పెడతాడో ఆ సందులో తెలిసింది. ఆ బాకీ ఇప్పటికీ రాలేదు. ఇప్పటి ఎడిటర్లు నయమా అంటే, వీళ్లకి అధ్యాయానికో ట్విస్టు కావాలి.

మాండలికం గురించీ, పబ్లిషర్ల గురించీ అడిగావు. అవి తర్వాత.

నువ్వు బొబ్బిలి దగ్గరే ఆపేస్తానంటున్నావు. తొందరపడకు. 1758లో ఫ్రెంచి సర్వసేనాని లాలీ బుస్సీని వెనక్కి పిలిపించుకున్నాడు. ఆ డిసెంబరులోనే చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడారు. ఇంగ్లీషువాళ్లను పిలిచిందెవరు? విజయరామరాజు వారసుడు ఆనందరాజే. 1760లో తమిళనాట వందవాసి దగ్గర బుస్సీ ఇంగ్లీషువాళ్లకు పట్టుబడ్డాడు. ఫ్రాన్సులో సుఖంగా బతుకుతున్నవాడు అరవై దాటాక, 1783లో, గౌట్ కీళ్ల నొప్పులతో మళ్లీ వచ్చి కడలూరులో ముట్టడిలో చిక్కుకున్నాడు. 1785లో పాండిచ్చేరిలో పోయాడు. బొబ్బిలి బుర్రకథలో ఈ ముసలాడు లేడు. రామాలయం ముందు కూర్చుని కథ వింటూ బుస్సీని తిట్టుకున్న రోజుల్లో నాకూ తెలియదు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది: మచిలీపట్నంలో మంచాన పడ్డ బుస్సీకి, హైదరాబాదులో జీతాలు అందడం లేదని కబురొచ్చిన రోజు రాసి పంపు. ఆ చెప్పుల సిపాయి గుమ్మం దగ్గర నిలబడి ఉండాలి.

ఆశీస్సులతో,
నీ మాస్టారు