ఇద్దరిదీ ఒకే పాప, ప్రశ్న మాత్రం నాకే

"పిల్లలు పుట్టాక ఆడవాళ్లు తమ ఇష్టంతోనే ఉద్యోగం మానేస్తారు కదా, ఇందులో వివక్ష ఎక్కడుంది?" అని మీరు అడిగారు. ఆ ఇష్టం సంగతి చెబుతాను.

నేనూ మా ఆయనా ఇద్దరం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోనే, ఇద్దరిదీ తొమ్మిదేళ్ల అనుభవం. ఇంజనీరింగ్‌లో మార్కులు నాకే ఎక్కువ. అదీ అన్నయ్యను విజయవాడ హాస్టల్లో వేసి, నన్ను ప్రొద్దుటూరులో ఇంటి పక్క కాలేజీలో చదివిస్తే! (ఈ మాటెత్తితే మా నాన్న ఇప్పటికీ టీవీ సౌండు పెంచుతాడు.)

పాపకు ఏడాదిన్నరప్పుడు నా ప్రాజెక్టు మూసేశారు. ఆయనా కంపెనీ మారాలనుకుంటున్నారు. బెంగళూరు బెళ్లందూరులో ఒకే కంపెనీకి ఇద్దరం అప్లై చేశాం. ఆయన ఇంటర్వ్యూ మంగళవారం, నాది గురువారం. ఆ రోజు వాన. మారతహళ్లి నుంచి ఆటోవాడు మూడొందల యాభై అన్నాడు. బెంగళూరు ఆటోల్లో మీటరు అలంకారానికే.

టెక్నికల్ రౌండు బాగానే అయింది. తర్వాత మేనేజరు, "పిల్లలున్నారా?" అన్నాడు.

"పాపండీ. పద్దెనిమిది నెలలు."

నా రెజ్యూమె మూల 18 అని రాసి, చుట్టూ సున్నా చుట్టాడు. "రిలీజ్ టైంలో రాత్రి పదీ పదకొండూ అవుతుంది. పాపను ఎవరు చూసుకుంటారు?"

"మొన్న మంగళవారం మా ఆయన వచ్చారు కదా, ఆయన్ని అడగలేదా? అదే పాప."

నవ్వేసి నీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు.

ఆయనకు పర్మనెంట్ ఆఫర్ వచ్చింది. నాకు "ఆరు నెలలు కాంట్రాక్టులో చూద్దాం" అన్నారు. ఈ "చూద్దాం" ఈ ఊరికి కొత్త కాదు. 1933లో, తర్వాత బయోకెమిస్టుగా పేరు తెచ్చుకున్న కమలా సోహోనీకి ఆడపిల్లనే కారణంతో ఇక్కడి ఐఐఎస్‌సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) సీటివ్వనన్నది సి.వి. రామన్. ఆవిడ పట్టు విడవకపోతే ఏడాది చూస్తానని షరతు పెట్టి చేర్చుకున్నారు. ఆవిడ తర్వాత కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసింది.

నేను వద్దనేసి ఐదు నెలలు ఇంట్లో ఉన్నాను. చుట్టాలంతా "పాప కోసం తనే మానేసింది" అన్నారు. మీరన్న ఇష్టం అదే.

నన్నడిగితే తప్పంతా సెలవుల దగ్గరే ఉంది. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు, మంచిదే. కానీ ఈఎస్ఐ (తక్కువ జీతాల ఉద్యోగులకు ప్రభుత్వ బీమా) పరిధి దాటిన మాలాంటి జీతాలకు ఆ ఖర్చంతా కంపెనీదే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి తండ్రయితే 15 రోజులు ఇస్తారు. ప్రైవేటులో చట్టం మగవాళ్లకు ఇచ్చేది సున్నా. మేనేజరు ఎవరిని తీసుకుంటాడు మరి? మగవాళ్లకూ అన్నే వారాల సెలవు తప్పనిసరి చేయండి, ఆ పద్దెనిమిది చుట్టూ సున్నా ఎవరూ చుట్టరు.

ఇప్పుడు వేరే చోట చేస్తున్నాను. డేకేర్ ఫారంలో మొదటి నంబరు మా ఆయనదే రాశాను. జ్వరమొస్తే ఫోను మాత్రం ఇప్పటికీ నాకే వస్తుంది.