బాణం మీద క్రియ రాయి

తమ్ముడూ,

నువ్వు పంపిన సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్చర్ బొమ్మ, అదే ఏ భాగం దేనితో మాట్లాడుతుందో పెట్టెలు, బాణాలతో చూపేది, ప్రింటు తీసుకుని రెండు రోజులుగా బల్ల మీదే పెట్టుకున్నాను. లోన్ మంజూరు వ్యవస్థ అన్నావు. లెక్కపెడితే 43 పెట్టెలు. నడుమ పెద్దక్షరాల్లో కాఫ్కా, వ్యవస్థల మధ్య సందేశాలు మోసే సాఫ్ట్‌వేర్. అప్పు కోసం వచ్చిన మనిషి మాత్రం కింద ఎడమ మూలన గోరంత ఉన్నాడు. అతని దగ్గర్నుంచి ఒక్క గీత కూడా బయల్దేరలేదు. నాకు కోపం వచ్చింది అక్కడే.

గీత శుభ్రంగా ఉంది. కానీ ఏ బాణం మీదా మాట లేదు. పెట్టెలన్నీ నామవాచకాలు, క్రియ ఉండాల్సింది బాణం మీద. "రైతు, బ్యాంకు, అప్పు" అని ఊరుకుంటే వాక్యమవుతుందా? "దరఖాస్తు పంపుతుంది", "సిబిల్ స్కోరు అడుగుతుంది", "ఖాతాలో జమ చేస్తుంది" అని రాయి.

ఇది నాకు ఒక సహకార బ్యాంకు జనరల్ మేనేజరు నేర్పాడు. చెల్లింపుల వ్యవస్థ గీసి పట్టుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి, ఒక బాణం మీద వేలు పెట్టి, "దీని మీద పోయేది డబ్బా, కబురా?" అన్నాడు. నాకు నోరు పెగల్లేదు. ఆ రాత్రే డబ్బుకి లావు గీత, కబురుకి చుక్కల గీత పెట్టి మొత్తం తిరగగీశాను. యూపీఐనే చూడు. ఖాతాలో సొమ్ము క్షణాల్లో పడుతుంది, బ్యాంకుల మధ్య లెక్క మాత్రం రోజులో కొన్ని విడతలుగా తేలుతుంది. రెండిటికీ ఒకే గీత గీస్తే ఫైనాన్సు వాళ్ళకి ఏం అర్థమవుతుంది?

తర్వాత పనిచేసిన చోట నా పత్రాలు దిద్దే పెద్దమనిషి ఆ క్రియలన్నీ కొట్టేసేవాడు. క్లౌడ్ కంపెనీల రంగుల గుర్తులు అతికిస్తేనే ఆర్కిటెక్చర్ అనేవాడు. సంతకం పెట్టాల్సిన మనిషికి ఆ గుర్తులు ఏం తెలుస్తాయి? ఆ ఎర్రసిరా ఇప్పటికీ నన్ను మండిస్తూనే ఉంది.

1931లో హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్ లండన్ భూగర్భ రైళ్ళ పటాన్ని నిలువు, అడ్డం, ఏటవాలు గీతల్లోకి తెచ్చాడు. దూరాలు వదిలేశాడు, నేల మీది వాటిలో థేమ్స్ నదిని మాత్రం ఉంచాడు. ముందు కాదు పొమ్మన్నారు, 1933లో అచ్చువేశారు. ఎక్కడ మారాలి, ఎక్కడ దిగాలి అన్నదే ప్రయాణికుడికి కావాలని అతను పట్టుకున్నాడు.

ఏ టూలు వాడాలని అడిగావు, అది తర్వాత. సాఫ్ట్‌వేర్ బొమ్మల్ని నాలుగు మెట్లుగా గీసే సైమన్ బ్రౌన్ సీ4 పద్ధతిలో మొదటి మెట్టు కాంటెక్స్ట్: మీ వ్యవస్థంతా ఒకే పెట్టె, చుట్టూ మనుషులు, బయటి వ్యవస్థలు. బిజినెస్ వాళ్ళకి ముందు అదే చూపించు. కాఫ్కా మీ టీమ్ గోడ మీద ఉండనీ.

ఆ మూలనున్న మనిషిని పైకి తీసుకొచ్చి, మొదటి బాణం అతని దగ్గర్నుంచే గీయి. నాకు పంపేముందు బ్రాంచిలో లోన్లు చూసే ఆవిడ చేత బొమ్మను పైకి చదివించు. ఆవిడ ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిలుతో గుర్తుపెట్టి, ఆ కాగితమే పంపు.